నడుముకు కాదు, జబ్బకు

మా గుడ్డల అంగడి ఎదురుగా ఉన్న నర్సింగ్‌హోంలో పనిచేసిన పెద్ద సిస్టరమ్మ మొన్న బేస్తవారం పోయింది. గుండెనొప్పని కర్నూలుకు తీసుకుపోయారు, అక్కడే అయిపోయింది. కాంపౌండరు వచ్చి తెల్లగుడ్డ ఐదు మీటర్లు కావాలంటే, యూనిఫారాలకా అని అడిగాను. "కాదప్పా, సిస్టరమ్మకు" అన్నాడు. గుడ్డ కొలిచి, కత్తిరించి ఇచ్చాకే కూర్చున్నాను.

ఎర్రగుంట్లలో ఆమె చేత సూది వేయించుకోని ఇల్లు తక్కువ. అవన్నీ మీకు తెలిసినవే. నాకు తెలిసింది జాకెట్ల సంగతి. అది రాస్తాను.

మధ్యాహ్నం సిమెంటు లారీలు కాస్త తగ్గాక ఆమె వచ్చి మా బల్ల మీద కూర్చునేది. టీ సగం గ్లాసే తాగేది. గుండుసూదులు పళ్లతో పట్టుకుని గుడ్డ మడవడం నా అలవాటు. అది చూస్తే ఊరుకునేది కాదు. "మింగితే నా దగ్గరికే వస్తావు శెట్టీ. నాకు ఇప్పటికే పని శానా ఉండాది" అనేది.

ఆరేడేళ్ల కిందట అక్కడి డాక్టరు తన దగ్గర పనిచేసేవాళ్లందరికీ కామెర్ల టీకా తెప్పించాడు. రక్తం ద్వారా అంటుకునే కామెర్లవి, లివరును తినేస్తాయి. రోజూ సూదుల మధ్య తిరిగేవాళ్లకు టీకా తప్పదన్నాడు. ఆరు నెలల్లో మూడు డోసులు. అందరికీ వేసింది సిస్టరమ్మే.

ఏడాది తిరిగాక ఆ కామెర్లే ఉన్న ఒక లారీ డ్రైవరుకు వాడిన సూది, ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే ఆయమ్మ ట్రే కడుగుతుంటే ఆమె వేలికి గుచ్చుకుంది. టీకా వేసుకుంది కదా అని అందరూ నిమ్మళంగానే ఉన్నారు. డాక్టరు మాత్రం పనిలో పనిగా అందరి రక్తమూ కడపకు పంపించాడు. టీకా పట్టిందో లేదో రక్తంలో తెలుస్తుందట. వాచ్‌మన్‌కు యాభై దాటాయి, బీడీ మానడు. వయసూ పొగా టీకాను సరిగా పట్టనియ్యవట, అయినా అతనికి కూడా కొంచెం పట్టింది. ఆయమ్మకూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లకూ అసలు పట్టలేదు.

డాక్టరు సిస్టరమ్మను ఒక్కొక్కటే అడిగాడట. వయసెంత, ఒళ్లెంత, డోసులు సమయానికి పడ్డాయా, మందు చల్లగా ఉంచారా. చివరికి ఎక్కడ వేశావని అడిగాడు.

మన ఆడవాళ్ల జాకెట్లకు చేతులు బిగుతు. ఎంత మడిచినా జబ్బ దాకా పోవు. అక్కడ సూది వేయాలంటే జాకెట్టు విప్పాలి, అది సిగ్గు. నడుముకైతే చీర కొంచెం జారిస్తే చాలు. పైగా జబ్బ సూది పిల్లలకు, నడుము సూదే గట్టి సూది అని మన ఊళ్లో నమ్మకం. ఆ ముగ్గురూ నడుముకే అడిగారు, ఈమె అక్కడే వేసింది. అక్కడైతే మందు కండదాకా పోకుండా కొవ్వులో నిలిచిపోతుందట.

రిపోర్టు వచ్చిన ఆ రోజే సిస్టరమ్మ కడప బస్సు కోసం మా అంగడి ముందు నిలబడింది. చేతిలో ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కు. ఆయమ్మకు వెంటనే వేయాల్సిన మందేదో కడపలోనే దొరుకుతుందట. టీ ఇస్తే ముట్టలేదు.

"నేను మాత్రం డాక్టరుతో జబ్బకు వేయించుకున్యా శెట్టీ. దానికేమో అడిగింది కదా అని నడుముకు వేసినా. తెలీక కాదు, వాదులాడే ఓపిక లేక."

పొద్దుగూకకముందే మందు తెచ్చి వేసింది. తప్పు తనదేనని ఆయమ్మకు చెప్పేసింది కూడా. నేనే కదా అడిగింది అని ఆయమ్మ అంటే, "నువ్వు అడిగితే నేను ఇయ్యడమేంది? నేను నర్సునా, శెనక్కాయల అంగడిదాన్నా?" అందట.

మర్నాడు మా దగ్గర తెల్ల పాప్లిన్ తీసుకుని, ఆడవాళ్లందరికీ భుజం దాకా మడతపడే చేతులతో జాకెట్లు కుట్టమంది. మా టైలరు, ఇవి చేతులా గోనెసంచులా అని నవ్వాడు. "సంచే కుట్టప్పా. సూదికి సిగ్గు తెలీదు, చోటు తెలుసు" అంది.

మళ్లీ మూడు డోసులు, ఈసారి జబ్బకు. ఆ ఆరు నెలలూ ఆమె మా బల్ల మీద కూర్చోలేదు. ఆయమ్మ కళ్లు పచ్చబడ్డాయా అని రోజూ పొద్దున్నే రెప్పలు లాగి చూసేదని కాంపౌండరు చెప్పేవాడు. ఆఖరి రిపోర్టు వచ్చిన రోజు రోడ్డు దాటి కూడా రాలేదు. ఆస్పత్రి మెట్టు మీద నిలబడి, నా వైపు చూసి, తన జబ్బ మీద రెండుసార్లు తట్టి లోపలికి పోయింది. ఆయమ్మకు టీకా పట్టింది, కామెర్లు రాలేదు.

అంతటితో వదల్లేదు. పట్టింది నిలిచిందో లేదో చూసుకోవాలని ఏడాదికోసారి అందరి రక్తమూ తీసేది. వాచ్‌మన్‌కు టీకా బలం తగ్గిపోయిందని తెలిసి ఇంకో డోసు వేసింది. "మందు నాది, పొగ నీది. ఏది గెలుస్తాదో సూస్తాం" అని అతని బీడీకట్ట లాక్కుంది.

శుక్రవారం సిస్టరమ్మను కర్నూలు నుంచి తెచ్చి కాసేపు ఆస్పత్రి ముందు ఉంచారు. మా గుడ్డే కప్పి ఉంది. ఆయమ్మ ఆ మెట్టు మీదే నిలబడింది, ఒంటి మీద ఆ తెల్ల జాకెట్టే. లారీ ఒకటి పోతే గాలి వచ్చి ఆ లూజు చేతులు ఉబ్బాయి. లోపలికి దుమ్ము పోకుండా ఆయమ్మ అరచేత్తో జబ్బను కప్పుకుని, చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది.