ఒడిలో గుమ్మడికాయ

“చెవులు గుయ్యిమంటున్నయ్. ఆ మోత జర బంద్ చెయ్యవే.”

“బంద్ అయింది తియ్యి. ఇగ పైలంగ పోయిరాండ్రి.”

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలివి. మూడేళ్లయింది. హసన్‌పర్తిలో మా ఇంటి గేటు ముందు కారు నిలబడి ఉంది. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోలేదని కారు ఒకటే మోత పెడుతున్నది. ఆ మోత ఆపింది నేనే. ఎట్లా ఆపానో చెప్తాను గానీ, దానికంటే ముందు చెప్పవలసింది ఇంకొకటుంది. రెండో తరగతిలోనే బడి మానినదాన్ని, సంతకం తప్ప నాకు రాయడం రాదు. నేను చెప్తుంటే మా మరిది కొడుకు బిడ్డ రాస్తున్నది. నాకు మనుమరాలు. రేపు పొద్దున ఎనిమిది నెలల కొడుకును తీసుకుని ఏటూరునాగారంలో ఉన్న అత్తగారింటికి పోతున్నది. ఈ మాటలు ఇవ్వాళే పూర్తి కావాలని అందుకే నా తొందర.

నా చిన్నప్పుడు మా ఊళ్లో బండి మీద బరువు కట్టాలంటే మా తాతనే పిలిచేవారు. ఎండుమిర్చి బస్తాలు వరంగల్ మార్కెట్‌కు తోలేవాడు. ఆయన కట్టిన బండి మీద నుంచి ఒక్క బస్తా జారిందని ఎవరూ చెప్పుకోలేదు. మాట తక్కువ మనిషి. కట్టు కట్టాక తాడు కింద చెయ్యి పెట్టి చూసి, ఊఁ అనేవాడు. అంతే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు అమ్మనూ నన్నూ తమ్ముణ్నీ బండి మీద అమ్మమ్మ ఊరికి తీసుకెళ్తున్నాడు. తమ్ముడికి ఇంకా ఏడాది నిండలేదు. వాణ్ని నా ఒళ్లోనే పెట్టుకుంటానని నేను పేచీ పెట్టాను. అమ్మ వద్దన్నది. నేను గట్టిగా పట్టుకుంటానని ఏడ్చాను. తాత అమ్మమ్మకని బండిలో పెట్టిన గుమ్మడికాయను తీసి నా ఒళ్లో పెట్టాడు.

“మొదలు దీన్ని పట్టుకో. మీ తమ్ముడంత బరువున్నది. వాగు దాక పడకుండ పట్టుకుంటె తమ్ముణ్ని నీ ఒళ్లెనే పెడ్త.”

ఇంత సులువైన పందెం ఉంటుందా అనుకున్నాను. రెండు చేతులూ దాని చుట్టూ వేసి, వేళ్లలో వేళ్లు పెట్టి బిగించాను. గడ్డం కూడా దాని మీద ఆనించాను. వాగులోకి దిగే బాట జారుడుగా ఉంటుంది. ఎడ్లు కొంచెం నడక పెంచాయి. అంతలో తాత ఉన్నట్టుండి పగ్గాలు లాగాడు. బండి టక్కున ఆగింది. గుమ్మడికాయ నా చేతుల్లోంచి ఎవరో గుంజుకున్నట్టే వెళ్లిపోయింది. ఎడ్ల కాళ్ల దగ్గర పడి నాలుగు చెక్కలైంది. నేనూ దాని వెంటే పోవలసినదాన్ని. తాత ఎడమచేత్తో వెనక నుంచి నా లంగా పట్టుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది.

నేను వెక్కివెక్కి ఏడ్చాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కిందికి దిగి, చెక్కలు ఏరి ఎడ్లకు పెట్టి వచ్చి, నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“నువ్వు వదల్లే బిడ్డా. నేను చూసిన. నువ్వు వదలకున్నా అది పోయింది.”

ఆ మాట నాకు చెప్పినా, చూసింది మాత్రం అమ్మ వైపు. అమ్మ ఒళ్లో తమ్ముడు నిద్రపోతున్నాడు. అమ్మ వాణ్ని తాత చేతికిచ్చింది.

అప్పుడు తాత మమ్మల్ని కట్టాడు. వెదురుగంపలో గడ్డి పరిచి, దాని మీద అమ్మ పాత చీర వేసి, తమ్ముణ్ని వీపు ఎడ్ల వైపుకు ఉండేట్టు కూర్చోబెట్టాడు. మెత్తటి గుడ్డతో వాణ్ని గంపకూ, తాడుతో గంపను బండికీ కట్టాడు. బండి ఆగితే వీపంతా గంపకు ఆనుతుంది, మెడ ముందుకు పోదు అని అమ్మకు చెప్పాడు. కోడిపిల్లను గంపలో పెట్టినట్టు పెట్టినవని అమ్మ నవ్వింది గానీ కళ్లలో నీళ్లున్నాయి. నన్ను తన తలరుమాలుతో కట్టాడు. నేను దాన్ని పొట్ట మీదికి జరుపుకుంటే కిందికి దించి, తుంటి ఎముకల మీద పెట్టాడు. పొట్ట మెత్తన, కట్టు ఎముక మీద పడాలె అన్నాడు. తరువాత కట్టు కింద చెయ్యి దూర్చి చూశాడు. అరచెయ్యి పట్టాలంట, పిడికిలి పట్టొద్దంట. నా చెయ్యితో నన్నూ చూడమన్నాడు. నా చిన్న పిడికిలి కూడా పట్టలేదు.

ఇదంతా తెలిసిన మనిషిని నేను. అది నాకు గుర్తుండాలి కదా.

మూడేళ్ల కింద ఆ రోజు మా ఆయన హన్మకొండ సుబేదారిలో లగ్గానికి బయల్దేరాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. బెల్టు పెడితే చొక్కా నలుగుతుందని ఆయన బాధ. కారు నడిపేది మా మరిది కొడుకు. వాడు బెల్టు పెట్టుకున్నాడు, పెదనాన్నను కూడా పెట్టుకోమన్నాడు. సుబేదారి దాకా పోయేదానికి ఇదంతా ఎందుకురా, నేనేమన్న చంటిపిల్లగాన్నా అని ఈయన నవ్వాడు. మోత ఆగడం లేదు. నేను గేటు దగ్గర నుంచి వచ్చి, కిటికీలోంచి వంగి, బెల్టును ఆయన వీపు వెనక నుంచి తీసి గుచ్చాను. మా ఇంట్లో అందరికీ ఆ ఉపాయం తెలుసు. టక్కుమన్నది. మోత ఆగింది. పైలంగ పోయిరమ్మన్నాను.

ఊరు దాటక ముందే, రోడ్డు మీద సగం దాకా ఎవరో వడ్లు ఆరబోశారు. చుట్టూ రాళ్లు పెట్టారు. ఎదురుగా బస్సు వచ్చింది. కారు పక్కకు తిరిగి రాయెక్కి, చెట్టుకు గుద్దుకున్నది. దవాఖానకు నేను పోయేసరికి మరిది కొడుకు మంచం మీద కూర్చొని ఉన్నాడు. భుజం నుంచి నడుము దాకా బెల్టు పట్టిన చోట నల్లగా వాత తేలింది. ఆ వాత తోటే వాడు బతికాడు. ఈయన చొక్కా మీద అట్లాంటి గీత ఒక్కటి కూడా లేదు. ఇస్త్రీ మడత అట్లాగే ఉంది.

నానమ్మా, ఇది కూడ రాయాల్నా అని అడుగుతున్నది మనుమరాలు. రాయి బిడ్డా. అదే రాయాలి.

రేపు మా కోడలు, అంటే దీని తల్లి, దీనికి ఒడిబియ్యం పోస్తుంది. ఆయన పోయినదాన్ని, నేను పోయకూడదు. పసుపు కలిపిన బియ్యం మూట నడుముకు కట్టి, ఆ మూట మీదనే పిల్లవాణ్ని పెట్టి కారెక్కించాలని కోడలి ఆలోచన. అల్లుడు పిల్లవాడి కోసం తెచ్చిన సీటు రెండు నెలలుగా మా నడింట్లో ఉంది. అందులో ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఒడి నిండుగ బిడ్డతోని పోవాలె గని, పసిగుడ్డును కుర్సీకి కట్టేస్తరా అని కోడలు నిన్న నా ముందే అన్నది. రాత్రంతా ఆ గుమ్మడికాయే కళ్లముందు ఆడింది.

కోడలా, నీ ఒడిబియ్యం నువ్వు పొయ్యి. ఇంట్లో దేవుడి ముందు మొక్కించు. కారెక్కే ముందు మాత్రం ఆ మూట విప్పి డిక్కీలో పెట్టండి. మూట మీద నుంచి బెల్టు వేస్తే అది ఎముక మీద పడదు. అత్తగారి గడప ముందు దిగినాక మళ్లీ కట్టుకోవచ్చు. పిల్లవాణ్ని వెనక సీట్లో, వాడి సీట్లో, వీపు ముందుకు ఉండేట్టు కూర్చోబెట్టి పట్టీలు బిగించండి. వాడు పెద్దయ్యి, ఆ సీటు చాలనప్పుడు ఇంకో సీటు కొనండి. పెద్దవాళ్ల బెల్టు పిల్లల మెడకు తగులుతుంది, వాళ్లకు సరిపోదు. మనుమరాలా, నువ్వు మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు కూడా బెల్టు మానొద్దు, కడుపు కిందికి దించి పెట్టుకో. కోడలా, మీ ఆయన కారు నడుపుతుంటే నువ్వూ వెంట పోతున్నావు. వెనక కూర్చున్నాం కదా అని ఊరుకోకు. భుజం పట్టీ పుస్తెలకు ఒరుసుకుంటుందని చంక కిందికి తోస్తావు, నేను చూశాను. నా పుస్తెలు ఎట్లా పోయాయో నీకు తెలుసు.

మూడేళ్లుగా ఈ ఇంట్లో ఎవరు బయల్దేరినా నేను వెనకింట్లోనే ఉంటున్నాను. నా వంటివాళ్లు ప్రయాణానికి ఎదురు రావొద్దంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. రేపు మాత్రం వస్తాను. గేటు దాకా వచ్చి, ఆ రోజు వంగినట్టే కారులోకి వంగి, మీ నలుగురి పట్టీల కిందా చెయ్యి పెట్టి చూస్తాను. ఎవరేమనుకున్నా ఫికర్ లేదు. మా తాత దగ్గర నుంచి నాకు పొలం రాలేదు, బండి రాలేదు. ఈ అరచెయ్యి కొలత ఒక్కటే వచ్చింది. ఒక్కసారి దాన్ని మరిచిపోయాను.

రాసినవా బిడ్డా? ఇగ మొదటి నుంచి చదివి వినిపియ్యి. ఎక్కడన్న వదులున్నదేమో చూస్త.