రాజవ్వ తల ఆన్చిన చోటు

నా చిన్నప్పుడు మేము ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి అద్దెకు దిగిన ఇంట్లో, కిటికీ పక్క గోడ మీద ఒక నూనె మరక ఉండేది. నేల మీద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో ఉండేది. మాకు ముందు ఆ ఇంట్లో ఒంటరిగా బతికిన ముసలామె రోజంతా అక్కడే కూర్చునేదట, అక్కడే ప్రాణం విడిచిందట. ఇల్లు చూపించినవాళ్లు ఈ సంగతి చెప్తే ఒట్టు. దిగిన మర్నాడు బోరింగు దగ్గర పక్కింటామె, "గా ఇంట్లనా మీరు దిగింది? ఆ ముసల్ది సచ్చిన ఇంట్ల?" అని అడిగి, సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ వాడలో మాతో మాట్లాడే మనిషి లేకుండా పోయింది.

అమ్మ గోడకు సున్నం వేయించింది. తడి ఆరేదాకా తెల్లగా ఉండి, ఆ తర్వాత మరక మెల్లగా తేలింది. మళ్లీ వేయించింది, మళ్లీ తేలింది. సున్నం కింద నూనె ఆగదని ఇప్పుడైతే ఎవరైనా చెప్తారు. అప్పుడు నాకు ఎవరు చెప్పాలి? అన్నం తింటుంటే ఆ ముసలామె నా ముద్దల వంకే చూస్తున్నట్టుండేది. ఆ గోడకు వీపు తిప్పాలంటే వణుకు, దాన్ని చూస్తూ కూర్చోవాలన్నా వణుకే.

చివరికి అమ్మ, "నేనీ ఇంట్ల ఉండ. పెత్తరమాస కాంగనే పిల్లను తోలుకొని ఎల్లారెడ్డి పోత" అని బాపుకు చెప్పేసి బట్టలు మూటకట్టింది. బాపుకు అప్పుడప్పుడే రైసుమిల్లులో పని దొరికింది. ఇంతకంటే చవకైన ఇల్లు కామారెడ్డిలో లేదు, ఎల్లారెడ్డిలో మాకు ఎండిపోయిన బావి తప్ప ఏమీ మిగల్లేదు. అమ్మ వెళ్తే బాపు ఒక చోట, మేము ఒక చోట. ఆయన ఆ మూట వైపు చూస్తూ కూర్చున్నాడు.

మాతోనే ఉండే మా నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమె నోటికి చుట్టాలంతా జడిసేవాళ్లు. అలాంటిది ఆ గొడవంతా విని కూడా తంబాకు నములుతూ ఊరుకుంది.

పెత్తరమాస అంటే పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి ఇస్తే అయ్యగారు మన పెద్దల పేర్లు అడిగి, ఒక్కొక్క పేరే చదివి తీసుకుంటాడు. ఆ పొద్దున అమ్మ మా తాతకు, ముత్తాతకు బియ్యం తీసి పెడుతుంటే అవ్వ, "ఇంకొకలకు గూడ తియ్యి" అంది. ఎవరికని అమ్మ అడిగితే గడ్డంతో మరక వైపు చూపించింది. "మనం ఆమె ఇంట్ల దిగినం. ఇంటామెను ఇడిసిపెట్టి మనోళ్లకే పెట్టుకుంటమా?"

అయ్యగారు పేరు అడుగుతాడు కదా, ఆ ముసలామె పేరేంటో మాలో ఎవరికీ తెలియదు. అవ్వ కొంగు నడుముకు దోపి, నా చెయ్యి పట్టుకుని వాడలోకి బయలుదేరింది.

మొదటి ఇంటామె తలుపు సగమే తీసింది. "అమాసపూట గామె పేరెందుకవ్వా? పేరు తీస్తే పిలిసినట్టైతది" అంది.

"పిలుద్దామనే బిడ్డా. బువ్వ పెట్టెటోళ్లు పిలువకుంట ఎట్ల పెడ్తరు?" అని అవ్వ ఆ గడప ముందే కూలబడింది.

ఆమెకు పేరు తెలియదు. అందరిలాగే ముసల్దనే పిలిచేదట. కానీ తన పిల్లవాడు దగ్గుతుంటే ముసలామె వామాకు రసం పిండి తాగించిందని చెప్పింది. ఎదురింట్లో ఒకామెకు ఆమె పాడే జోలపాట సగం గుర్తుంది. మరకను తలచుకుని మొహం తిప్పుకున్న ఆ వాడ మొత్తం, అవ్వ కూర్చునేసరికి ఆమె గురించి ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. అన్నేళ్లు బతికిన చోట ఒక మనిషి పేరు లేకుండా పోయిందే అని ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది.

చివరికి మిగిలింది బోరింగు దగ్గర బిందె ఎత్తుకుపోయిన పక్కింటామె. అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. అవ్వ అడగగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"రాజవ్వ" అంది. "నేను కార్ఖానకు పోతే నా పిల్లలను ఆ కిటికీలకెల్లి చూస్తుండె. పోయిన నాడు గూడ నన్ను పిలిసింది అవ్వా. బీడీలిచ్చొస్త అని ఆగకుంట పోయిన. వచ్చేటాల్లకు..."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నాళ్లూ ఆమె మమ్మల్ని తప్పించుకు తిరిగింది ఆ కిటికీ వైపు చూడలేకనే. అవ్వ ఓదార్చలేదు. "ఏడిస్తె ఏమొస్తది, లేసి రా. ఆమెకేం ఇష్టమో నీకు ఎరుకనే గదా" అంది.

ఆమె తన దొడ్లో బీరకాయలు తెంపుకుని వచ్చింది. ఆ వాడ నుంచి మా గడప దాటి లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆమే. అయ్యగారు మా తాత పేరు, ముత్తాత పేరు చదివి, ఆ తర్వాత రాజవ్వ పేరు చదివాడు. నేను భయం భయంగా గోడ వైపు చూశాను. మరక ఉన్నచోటే ఉంది. పక్కింటామె వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆ సాయంత్రం అమ్మ మూట విప్పి, బట్టలు దండెం మీద వేసింది.

నా భయం పోయిందని కోతలు కోయను. రాజవ్వ చూస్తూనే ఉండేది, నేను తింటూనే ఉండేదాన్ని. గోడకు మళ్లీ సున్నం వేయించలేదు.

ఇప్పుడు నేను మస్కట్‌లో నా బిడ్డ దగ్గర ఉంటున్నాను. నిరుడు ఇల్లు మారాం. కొత్త వాడ, తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయి. మా ఇంట్లో కిటికీ కింద నేల పలకల మీద తుప్పు గుర్తులున్నాయి, ఎవరిదో కుట్టుమిషను కాళ్లు ఏళ్లతరబడి నిలిచిన గుర్తులు. బిడ్డ ఏ మందు పోసి రుద్దినా పోలేదు. మధ్యాహ్నం పూట మిషను చప్పుడు వినిపిస్తోందని మనవరాలు నా ఒళ్లో ముడుచుకునేది. అబద్ధమెందుకు, నాకూ వినిపించినట్టే ఉండేది. ఈ దిక్కుమాలిన ఇల్లు మనకొద్దు, ఖాళీ చేద్దామని నా బిడ్డ అనడం మొదలుపెట్టింది.

పెత్తరమాస రాగానే వెళ్లి ఎదురింటి తలుపు కొట్టాను. ఆమె బలూచీ మనిషి, నా కామారెడ్డి ఉర్దూ ఆమెకు బాగానే అర్థమైంది. మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ల పేరేంటని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, గొలుసు తీసి లోపలికి రమ్మంది. ముసలి దర్జీ, పేరు యూసుఫ్. ఆమె పిల్లల పండుగ బట్టలన్నీ ఆయనే కుట్టాడట. పోయాక ఆయన గురించి అడిగినవాళ్లే లేరని చెప్తూ ఖర్జూరాలు నా ముందుకు జరిపింది.

ఇక్కడ అయ్యగారిని ఎక్కడని వెతకను? మెట్లు ఊడ్చే మనిషికి బియ్యమిచ్చి, పేర్లు నేనే చదువుకున్నాను. తాత, అవ్వ, బాపు, అమ్మ, రాజవ్వ, యూసుఫ్ భాయి. ఆయన మతం ఏదైతే నాకేం, దిగింది ఆయన ఇంట్లో.

మొన్న నా మంచం పక్క గోడ మీద, నేను తల ఆన్చే చోట నూనె మరక చూసి నా బిడ్డ కసురుకుంది. రంగు వేయిస్తానంది. వేయించు, మళ్లీ తేలుతుందిలే అన్నాను. మా తర్వాత ఈ ఇంట్లోకి ఎవరు దిగుతారో తెలియదు. వాళ్లు వచ్చి తలుపు కొడితే చెప్పడానికి ఉండాలని, ఎదురింటామె దగ్గరికి వెళ్లి, నా పేరు ఆమె నోట సరిగ్గా పలికేదాకా పలికించుకుని వచ్చాను.