చేనుకు రావలసిన చెక్క
మర్రిపాడు మెట్టలో అంకమ్మ కౌలుకు చేసే చేనుకు ఎరువుగా వేయమని సర్కారు ఏటా సగం ధరకే వేరుశెనగ చెక్క ఇస్తుంది. పట్టా ఆసామి పేరున ఉంది కాబట్టి ఆ చెక్క ఆయన చేతికే వచ్చి, ఆయన బర్రెల తొట్టిలో పడుతుంది. అంకమ్మ ఇన్నాళ్లూ నోరెత్తలేదు. కొంగు నడుముకు బిగించి చవిటి నేలనే గీరుకుంది. ఈ ఏడూ పంట తగ్గితే కౌలు పోతుంది. మొన్న పొద్దున గంప తీసుకుని నేరుగా ఆసామి కొట్టంలోకి వెళ్లి పేడ ఎత్తసాగింది.

“ఏంది మే, ఎవురినడిగి ఎత్తతుండావు?” అన్నాడాయన.

“చేనుకొచ్చిన చెక్క మీ బర్రె తినింది గదయ్యా. కక్కమంటే కక్కదు. అందుకని ఎనక నించి తీసకపోతుండా.”

పాలేర్లు పక్కకు తిరిగి నవ్వారు. ఆసామి దారి వదిలాడు.

ఆమె పేడతో ఎందుకు సరిపెట్టుకోవాలి? ఈసారి మీ ఊరికి చెక్క బండి వచ్చినప్పుడు దున్నేవాళ్ల పక్కన నిలబడండి. బస్తా వాళ్ల భుజానికెక్కేదాకా కదలకండి.