కాటా ఎక్కని మూటలు

మా చిన్నాయన పోయాడని సోమవారం పొద్దున మంగళవాడ నుంచి కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి చిన్నమ్మ గోడకానుకుని కూర్చుంది. "బాగానే తిని పండుకున్నాడు, తెల్లారి లేయలేదు," అంది. అంత తేలిగ్గా పోతాడని నేననుకోలేదు. బతికుండగా దేనిలోంచీ తేలిగ్గా బయటపడ్డ మనిషి కాదు.

కరువు ఏళ్ళలో మా వైపు వేరుశనగ రేటు మీద పందేలు నడిచేవి. మీలో ఆ పక్కవాళ్ళకు తెలిసే ఉంటుంది. వై.ఎన్.హొసకోటలో ఒక మండీ షావుకారు రెండు రేట్లు చెప్పేవాడు. పెరుగుతుందనేవాళ్ళు పై రేటు మీద, తగ్గుతుందనేవాళ్ళు కింది రేటు మీద కట్టాలి. కాయలు చేతులు మారవు. రేటు ఎంత కదిలితే దాన్నిబట్టి రాబడి, లేదా పోబడి. పందెం తెంచుకోవాలంటే మాత్రం ఆ మండీ కాటా మీద నిజంగా మూటలు తూగాలి. ఆ తూకం రేటుకే లెక్క తేలుతుంది.

చిన్నాయన రేటు వినగానే నమ్మేవాడు కాదు. ఎదుటి టీ అంగడిలో కూర్చుని కాటా ఎక్కే మూటలు చూసేవాడు. "రేటు ఎవురైనా చెప్తారప్పా. ఆ రేటుకు ఎన్ని మూటలు పోయినాయో అది చూడు," అనేవాడు. రేటుతోపాటు మూటలూ పెరిగితే నమ్మొచ్చు, మూటల్లేకుండా రేటు పెరిగితే ఉత్త గాలి అని ఆయన లెక్క. ఈ పిచ్చి ముదిరి, సంతలో వంకాయలు ఎంతమంది కొంటున్నారో చూసిగానీ సంచి తెరిచేవాడు కాదు. "ఈయన చూసేలోపల పుచ్చులే మిగుల్తాయి," అని చిన్నమ్మ విసుక్కునేది. పందేల్లో మాత్రం చాలాసార్లు ఆయన లెక్కే నిజమైంది. ఎవరేం చెప్పినా వెనక సరుకెంతుందో చూడటం నేను ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. అందుకు రుణపడి ఉన్నాను.

ఒక ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. రేటు పైకి పోతోంది, కాటా మీదికి ఒకటో రెండో మూటలు వస్తున్నాయి. ఇది ఉత్త గాలేనని చిన్నాయన తగ్గుదల మీద కట్టాడు. కొనేవాళ్ళు లేక కాదు, తాలూకాలో కాయలే పండక మూటలు రాలేదు. తన చేనూ ఎండింది, ఇంట్లో ఉన్నవి విత్తనం మూటలే. అయినా ఆ సంగతి ఆయనకు తట్టలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

తర్వాత కాటా పూర్తిగా ఆగిపోయింది. చళ్ళకెరె పెద్ద మార్కెట్లో రేటు ఇంకా పెరిగిందని బస్సు దిగినవాళ్ళల్లా చెప్పేవాళ్ళు. రేటు పెరిగేకొద్దీ తన పోబడీ పెరుగుతుందని చిన్నాయన షావుకారును బతిమాలాడు.

"తెంచు సామీ. పోయేది పోనీ."

"మూట తూగనీప్పా. తూగకుండా యాడ తెంచేది?"

రోజూ వెళ్ళి ఖాళీ కాటాను చూసి తిరిగొచ్చేవాడు. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపేవాడు, తినేవాడు కాదు.

చివరికి ఒక పొద్దున విత్తనం మూటలు బండికెత్తాడు. చిన్నమ్మ ఎద్దులకు అడ్డం నిలబడింది.

"వానొస్తే విత్తేకి యాడ తెస్తావు?"

"ఇవి తూగితేనే నేను బయటపడేది. ఊర్లో ఇంక యాడా మూట లేదు."

ఆమె పక్కకు జరిగింది. ఆ ఏడు అందరికన్నా ఎక్కువ రేటుకు కాయలమ్మింది ఆయనే. ఆ డబ్బంతా పందెం బాకీ కింద షావుకారు గల్లాలోనే ఉండిపోయింది. మళ్ళీ పందెం జోలికి పోలేదు. ఎవరడిగినా దాచకుండా చెప్పేవాడు: "మూటలు తక్కువని చూసినా. ఎందుకు తక్కువో చూళ్ళేదు."

మరుసటి ఏడు తొలకరికి మంచి వాన పడింది. ఊరంతా విత్తడానికి గొర్రు కట్టింది. చిన్నాయన పక్క చేనివాళ్ళ గొర్రు వెనక కూలికి నడుస్తూ, వాళ్ళ విత్తనాలు సాళ్ళలో వదిలాడు. గట్టు దాకా వచ్చి, అవతల పదునెక్కి ఉన్న తన చేనును చూసి, పిడికిలి బిగించాడు. పిడికిట్లో ఇంకా వాళ్ళ విత్తనాలున్నాయి. గొర్రు తిరిగింది, ఆయనా దాని వెనకే తిరిగాడు.