చెకప్ రోజు ఒక్కపొద్దు

నా భార్య పద్మ ఎడమకాలి చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. ఆ సంగతి తెలియకుండానే ఇంటిదాకా నడిచివచ్చింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను మాత్రం నవ్వి, చెప్పు వెతకడానికి వెళ్లాను. మాది మడకశిరలో చిల్లరకొట్టు. ఆమె నెల రోజులుగా వీపు నొప్పి అంటున్నా, మూటలు ఎత్తే ఇంట్లో అది మామూలే అనుకున్నాను. పది రోజులకు రెండు కాళ్లూ కదలలేదు.

బెంగళూరు ఆసుపత్రిలో ఎమ్మారై తీసి, స్పైన్ టీబీ అన్నారు. ఆపరేషన్ చేసి, ఏడాది పాటు వాడమని మాత్రలు రాసి, వీల్‌చెయిర్‌లో ఇంటికి పంపారు.

"నరాలు కోలుకోవడానికి టైమ్ పడుతుంది. యూరిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. నీళ్లు బాగా తాగాలి, నాలుగు గంటలకోసారి క్యాథెటర్‌తో ఖాళీ చేయాలి" అని డాక్టరమ్మ చెప్పింది. పద్మ ఆ పని తానే చేసుకోవడం నేర్చుకుంది.

ఇంట్లో అంతా సవ్యంగానే సాగింది. చిక్కంతా నెలనెలా చెకప్‌కు పోవడంలో వచ్చింది. బస్సు ఎక్కించాలంటే నేను ఎత్తుకోవాలి, కండక్టర్ ఆమె కాళ్లు పట్టుకుని సాయం చేయాలి. బస్సులో సగం మంది మా కొట్టుకు వచ్చేవాళ్లే. దారిలో ఆపమంటే మళ్లీ అందరి ముందూ దించాలి. ఆపిన చోట బాత్రూముకు మెట్లుంటాయి, వీల్‌చెయిర్ పట్టని తలుపులుంటాయి. నాకు తలకొట్టేసినట్టు ఉండేది.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగవద్దని పద్మకు చెప్పాను. బస్సులో ఎవరైనా నీళ్లో మజ్జిగో ఇవ్వబోతే, ఈ రోజు ఆమెకు ఒక్కపొద్దు అని నేనే అడ్డుపడేవాణ్ణి. మా ఇళ్లల్లో ఆడవాళ్లకు ఉపవాసాలు మామూలే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఇంత కష్టంలోనూ భక్తి విడవలేదని ఒక పెద్దావిడ ఆమెకు దండం కూడా పెట్టింది. పద్మ తల వంచుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

నాలుగో ప్రయాణం తర్వాత చలిజ్వరం పట్టుకుంది. ఇన్‌ఫెక్షన్ కిడ్నీదాకా పోయిందని అడ్మిట్ చేశారు.

"నీళ్లు ఎందుకు మానేశారమ్మా? ఇంకోసారి ఇట్లా అయితే కిడ్నీ దక్కదు" అని డాక్టరమ్మ కోప్పడింది. తనకే దప్పిక కాలేదని పద్మ చెప్పింది.

డాక్టరమ్మ వెళ్లాక, ఎందుకట్లా చెప్పావని పద్మను అడిగాను.

"ఆయమ్మ ముందర మీకు నామోషీ అయితాదని. మీ నామోషీకే గదా ఇన్నాళ్లూ నేను నాలుక ఎండబెట్టుకునింది" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరమ్మను వెతుక్కుంటూ పోయి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. ప్రయాణానికి సరిపడేలా క్యాథెటర్ వేళలు ఒక కాగితం మీద రాసిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మరుసటి చెకప్‌కు పోతూ బస్సులో లేచి నిలబడ్డాను. అందరికీ వినపడేట్టే అడిగాను.

"అన్నా, నా భార్య బాత్రూముకు పోవల్ల. మెట్లు లేనిది యాడుంటే ఆడ పది నిమిషాలు ఆపు."

"పెట్రోల్ బంకులో ఉండాది, ఆపుతా. ఇన్నిసార్లు పోతాండావు, ఒక్కసారన్నా అడిగింటే ఆపకపోతామా అప్పా" అన్నాడు డ్రైవర్.

ఇప్పుడు పద్మ వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తోంది. బయటికి మాత్రం వీల్‌చెయిరే. చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే: ప్రయాణమని మీ మనిషికి నీళ్లు తగ్గించకండి. వీల్‌చెయిర్ పట్టే బాత్రూము దారిలో ఎక్కడుందో ముందురోజే కనుక్కుని, ఎక్కగానే డ్రైవర్‌కు చెప్పండి. ఆ ఒక్క మాట అడగలేక నేను నాలుగు ప్రయాణాలు నోరు మూసుకున్నాను. పద్మ ఎడమ కిడ్నీ సగమే పనిచేస్తోంది.