గదా? కథా?

పోయినవి లెక్క చెబుతాను: మా ముత్తాత చేత్తో రాసిన పుస్తకాలు మూడు, వాటిలో ఆరువందల పన్నెండు పేజీలు, వాటిని చదవగలిగిన మా పెద్దత్త. మిగిలింది నా నోటుపుస్తకం ఒక్కటే.

నిన్న మా తమ్ముడి కూతురు, ఫోన్‌లో చూసి ఈమధ్యే తెలుగు అక్షరాలు నేర్చుకున్న పిల్ల, ఆ నోటుపుస్తకాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎక్కిస్తూ చివరి వాక్యం దగ్గర ఆగి, "అత్తా, ఇది గదనా, కథనా?" అని అడిగేసరికి నా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు.

మదురైలో మా ఇంట్లో అందరిదీ తెలుగు మాటే గాని చదువు తమిళం. తెలుగు చదవడం పెద్దత్తకే వచ్చు. నా పన్నెండో ఏట, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె చదువుతుంటే నేను తమిళ అక్షరాల్లో రాసుకునేదాన్ని. శాపం తగిలిన రాజు తన గదతో తన వంశాన్నే చంపుకుంటూ పోయే కథ అది; చచ్చిన ప్రతి మనిషికీ గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేదాన్ని. నలభై ఏడయ్యాయి. నలభై ఎనిమిదోది రాజుదే. అతని శవం మీద వంగి చెల్లెలు, "అన్నా, నీ గద ఇక నేను మోస్తాను" అంటుంది. లేకపోతే "నీ కథ" అంటుంది. గద అయితే చావులు ఆగవు, కథ అయితే ఆగినట్టే. తమిళంలో కకూ గకూ ఒకే అక్షరం, థకూ దకూ ఒకే అక్షరం, రెండూ ఒకేలా రాస్తాం. ఆ రోజు పెద్దత్త గొంతులో తేడా విన్నాను, రాతలో నిలపలేకపోయాను. ఇన్నేళ్ళూ గద అనే చదువుకున్నాను, ఇప్పుడు నా చెవిని నేనే నమ్మలేను.

ఆ ఏడే పెద్దత్త పోయింది; పదహారో రోజు కర్మ ముగియగానే చిన్నాయన ఆ పుస్తకాలను పాత పేపర్ల కొట్టుకు మోసుకుపోయాడు. అడ్డం పడితే, "ఇంట్లో ఒకురికీ చదవ తెలీదు, ఎందుకు డీ? చచ్చినోళ్ళ కథ చచ్చినామెతోనే పోనీ" అని నవ్వాడు. మర్నాడు పరుగెత్తితే లారీ వెళ్ళిపోయిందన్నారు. ఆ నవ్వును నేటికీ క్షమించలేదు.

ముప్పై ఏళ్ళు ఒట్టన్‌చత్రం మార్కెట్‌లో కూరగాయల మూటలు లెక్కపెట్టాను, ఒక్కటీ తప్పనివ్వలేదు. ఇప్పుడు ఏభైయారు అక్షరాలూ ఆ పిల్ల ఫోన్‌లో ఉన్నాయి, ఆ మాటను గొంతెత్తి చదివిన మనిషే లేదు. నాకు రావలసిన బాకీ రెండే అక్షరాలు. ముప్పై ఎనిమిదేళ్ళయింది, ఇంకా రెండే.