మొండితనం అని రాసిన రిపోర్టు

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను పెనుకొండ దగ్గరి ఒక మండలానికి సర్వేయర్‌గా బదిలీ చేశారు. చేరిన వారానికే హనుమక్క అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. ఆమె అరవై దాటిన రైతు. పక్క పొలం వాళ్లు తన మల్బరీ తోటలోకి జరిగారని, ఆ ముక్కలోనే బోరు వేయబోతున్నారని ఫిర్యాదు.

ఇరుగుపొరుగు రైతులకు నోటీసులిచ్చి వెళ్లాను. ప్రతి సర్వే నంబరుకూ పాతకాలంలో గీసిన కొలతల పటం ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఎంబీ అంటాం. అందులోని దూరాల ప్రకారం, రోడ్డు పక్కనున్న హద్దురాయి నుంచి చైన్ పెట్టి కొలిచాను. పక్కవాళ్లు తమ హద్దులోనే ఉన్నారని తేలింది. అదే రాసిచ్చాను.

హనుమక్క ఒప్పుకోలేదు. మళ్లీ అర్జీ పెట్టింది. మళ్లీ కొలిచాను, అదే ఫలితం. ఆ తర్వాత ప్రతి సోమవారం హిందూపురం బస్సు దిగి నేరుగా నా ఎదుటికి వచ్చి నిలబడేది. అవతల చూస్తే వేరే ఊళ్ల పనులు పేరుకుపోతున్నాయి. ఆమె నోరు తెరవగానే, రెండుసార్లు కొలిచాను కదమ్మా అని విసుక్కునేవాణ్ణి. చివరికి మూడో అర్జీ మీద, 'అర్జీదారు మొండితనంతో వస్తున్నారు. మూసివేయవచ్చు' అని రాసి ధర్మవరంలో ఉండే పైఅధికారికి పంపాను.

కాగితం తిరిగొచ్చింది. 'మొండితనం' కింద ఎర్రగీత. ఆయన ఫోన్ చేసి అడిగారు:

"ఆమె ఏం చెప్తాందో యాడా రాయలేదే? ఆమెది తప్పయితే మొండితనం, నిజమయితే పట్టుదల. ఏదో తేల్చకుండానే ఎట్ల రాస్తివి?"

తిట్టుకుంటూనే మూడోసారి వెళ్లాను. బోరు లారీ అప్పటికే పొలం దగ్గర నిలబడి ఉంది. అసలు నీ మాటేమిటో చెప్పమని హనుమక్కను మొదటిసారి అడిగాను.

"రోడ్డేసేటప్పుడు ఆ రాయిని పెరికి పక్కన నాటినారు సార్. మా బాయి నీ పటంలో ఉండాదేమో చూడు. బాయిని ఎవురు జరుపుతారు?"

బావి పటంలో ఉంది. దాని నుంచి ఒకసారి, తూర్పు మూలనున్న పాత రాయి నుంచి ఒకసారి కొలిచాను. రెండూ కలిశాయి. రోడ్డు పక్క రాయే నాలుగు మీటర్లు జరిగి ఉంది. బోరు వేయాలనుకున్న చోటు హనుమక్క పొలంలో పడింది. లారీ వెనక్కి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ముక్క ముందే చెప్పకూడదా అన్నాను.

"ఏమప్పా, మూడు నెలల నుంచి అదే చెప్తాండా. నువ్వు ఇంటే కదా!"

నా రెండు రిపోర్టులూ తప్పని నేనే రాసి సంతకం పెట్టాను.

ఏ కొలతనైనా కనీసం రెండు గుర్తుల నుంచి సరిచూడాలన్నది మా పనిలో మొదటి పాఠం. తొందరలో దాన్ని వదిలేశాను. ఆ తర్వాత సర్వీసు ముగిసేదాకా, చైన్ పరిచే ముందు అర్జీదారు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకున్నాను. మనిషి గుణం తేల్చడం సర్వేయర్ పని కాదు.